పడవ దిగిన తేదీ

చిరంజీవికి,

కథ అందింది. హాంకాంగ్ శిబిరాల్లో మగ్గిన వియత్నాం వాళ్ళ గురించి మనవాళ్ళెవరూ పెద్దగా రాయలేదు, నువ్వు పూనుకున్నందుకు సంతోషం. కానీ 12 పేజీల్లో 9 పేజీలు తుఫానుకీ సముద్రపు దొంగలకీ పోయాయి. ఒడ్డు కనిపించగానే కథ ముగించేశావు. నన్నడిగితే అసలు కథ అక్కడే మొదలవుతుంది.

నీ కథానాయకుడు 1988 ఆగస్టులో దిగాడన్నావు, దిగగానే శరణార్థి అయిపోయాడన్నావు. అది కుదరదు. అంతకుముందు వచ్చినవాళ్ళని అడక్కుండానే శరణార్థులుగా ఒప్పుకునేవారు. ఆ ఏడాది జూన్ 16 నుంచి రూలు మారింది. వచ్చినవాడు అక్రమంగా చొరబడ్డవాడి కిందే లెక్క, కాదని వాడే నిరూపించుకోవాలి. తేలేదాకా కంచె లోపలే. ఒకే ఊరివాళ్ళు, ఒకే కష్టం, రెండు పడవలు వారం తేడాతో చేరాయనుకో. ఇంతకంటే ఏం కావాలయ్యా?

ఇక స్క్రీనింగ్ గదిలోకి, అంటే ఎవరు నిజంగా శరణార్థో తేల్చే గదిలోకి, వెళ్ళు. బల్లకి అటు ఇమిగ్రేషన్ అధికారి, ఇటు ఇతను, మధ్యలో దుబాసీ. పక్కన లాయరు ఉండడు. నాన్న దక్షిణ వియత్నాం సైన్యంలో చేశాడని తనకి కాలేజీలో సీటు ఇవ్వలేదని ఇతను చెబుతాడు. అధికారికి తేదీలు కావాలి, కాగితాలు కావాలి. "ఇంట్లో గడవక వచ్చావా?" అని అడుగుతాడు. గడవని మాటా నిజమే, అవునంటాడు. అధికారి రాసుకుంటాడు, పొట్టకూటికి వచ్చినవాడు శరణార్థి కిందికి రాడు కదా. అక్కడ నువ్వేమీ వ్యాఖ్యానించకు. శరణార్థి కాదని తేలితే అప్పీలు బోర్డు, అదీ కాదంటే తిరిగి వియత్నాంకే, హనోయికి. 1989 డిసెంబరు 12న తెల్లారకముందే 51 మందిని విమానం ఎక్కించారు, సగం మంది పిల్లలే.

అలాగని అధికారిని విలన్‌ని చేసెయ్యకు. చైనా నుంచి దొంగచాటుగా దాటొచ్చిన తమ సొంత బంధువుల్ని 1980 నుంచి దొరికినవాళ్ళని దొరికినట్టు వెనక్కి పంపేస్తుంటే, వీళ్ళని ఏళ్ళ తరబడి పోషించడమేమిటని హాంకాంగ్ జనం అడిగేవారు. ఆ గోడు కూడా ఒక పాత్ర నోట పలికించు.

వైట్‌హెడ్ శిబిరంలో 20 వేల మంది పైచిలుకు ఉండేవారు. మూడంతస్తుల చెక్క మంచాల్లో ఒక్కో అంతస్తు ఒక్కో కాపురం, అడ్డుగా ఒక గుడ్డ. నీ మనిషిని అక్కడ రెండేళ్ళు కూర్చోబెట్టు.

తుఫానుకి అర పేజీ చాలు. నెలాఖరుకి మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాష్టారు