పాత కంప్యూటర్ తిరిగివ్వనంటున్న స్నేహితుడు: గడువు ఎప్పటినుంచి?

ప్రశ్న: మాది గుంటూరు. 1988లో నాన్న కొన్న డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ కంప్యూటర్‌ని (బ్రిటన్ సింక్లెయిర్ కంపెనీ స్పెక్ట్రమ్ ప్లస్‌కి మన దేశపు రూపం), లండన్ నుంచి బాబాయి పంపిన యువర్ సింక్లెయిర్ పత్రికల కట్టని 2020 డిసెంబరులో చిన్ననాటి స్నేహితుడికి ఇచ్చాను. పాత కంప్యూటర్ల ప్రదర్శన పెట్టి తిరిగిస్తానన్నాడు. ఆ పత్రికల్లోని ప్రోగ్రాములు లైను లైనూ టైపు చేస్తూ ఇద్దరం కలిసి పెరిగినవాళ్లం. అడిగినప్పుడల్లా 'ఇస్తాలేరా' అనేవాడు, 2022లోనే ఇవ్వనన్నట్టు మాట్లాడాడు. 2023 నవంబరు 14న వాట్సాప్‌లో 'అది నాకు అమ్మేశావు, 12 వేలు పంపా కదా' అన్నాడు. ఆ డబ్బు ఇచ్చేముందు కీబోర్డు మెంబ్రేన్ (మీటల కింద ఉండే పలచటి పొర), టేప్ రికార్డరు బాగుచేయించడానికి పంపింది. ఇప్పుడు బెంగళూరులో ఎవరికో అమ్మేస్తున్నాడట. పాత తేదీతో స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ చిన్నతనం కబుర్లు కోర్టుకి అక్కర్లేదు. మీ ఉత్తరంలో కేసుని తేల్చే మాట ఒక్కటే ఉంది, దాన్ని మీరు చాలా తేలిగ్గా రాసేశారు: '2022లోనే ఇవ్వనన్నట్టు మాట్లాడాడు'.

వాడుకుని తిరిగిస్తానని వస్తువు తీసుకోవడాన్ని చట్టంలో బెయిల్‌మెంట్ అంటారు. అలా అప్పగించిన వస్తువు కోసం దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్లు గడువు. అది మీరు ఇచ్చిన రోజు నుంచి కాదు, మీరు అడిగాక అతను కాదన్న రోజు నుంచి మొదలవుతుంది. కాబట్టి 2020లో ఇచ్చాను, అంతా అయిపోయింది అని టెన్షన్ పడక్కర్లేదు. అలాగని నిశ్చింతగానూ ఉండొద్దు. 2022లో అతను నిజంగా 'ఇవ్వను' అని తేల్చి చెప్పి ఉంటే మీ గడువు 2025లోనే ముగిసింది, అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం వస్తువు మీద మీ హక్కు కూడా దాంతోపాటే పోయింది. తప్పించుకు తిరగడం, ఫోనెత్తకపోవడం, 'చూద్దాంలే' అనడం తిరస్కరణ కావు. ఆ రోజు అతనన్న మాటేమిటో, ఎవరి ఎదుట అన్నాడో గుర్తు చేసుకుని మీ వకీలుకి జరిగింది జరిగినట్టు చెప్పండి, గడువు కోసం కథ మార్చొద్దు. కోపంలో రాసిన ఇలాంటి వాక్యం మీ నోటీసులోకి ఎక్కితే అవతలి వకీలు మొట్టమొదట పట్టుకునేది దాన్నే.

2023 నవంబరు 14 మెసేజే మొదటి తిరస్కరణ అయితే గడువు 2026 నవంబరు 14 వరకు. అది రెండో శనివారం, కోర్టు సెలవు. సెలవైతే తెరిచిన రోజు దాఖలు చేసే వెసులుబాటు చట్టంలో ఉంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని ఆఖరి రోజుదాకా కూర్చునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకో సంగతి, లీగల్ నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు.

ఇక 12 వేలు. అది ధర అని అతను, రిపేరు ఖర్చని మీరు. ఆ డబ్బు వచ్చిన రోజుల్లోనే మెంబ్రేన్ కొన్నారు కదా, దాని రసీదు, మెకానిక్‌కి ఇచ్చిన మొత్తం వెతకండి. యూపీఐ నోట్‌లో ఏం రాశాడో చూడండి. 'ఇస్తాలేరా' అన్న పాత మెసేజులు మీకు బంగారం, ఎందుకంటే కొనుక్కున్నవాడు ఇస్తానని ఎందుకంటాడు? ఫోను మార్చకండి, చాట్ డిలీట్ కానివ్వకండి. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు చాలవు, ఎలక్ట్రానిక్ రికార్డుని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి. యంత్రం అడుగున సీరియల్ నంబరు, పత్రికల అట్టల మీద నాన్నగారి సంతకం, పాత ఫొటోలు, ఇవన్నీ ఇది మీ వస్తువే అని గుర్తు పట్టడానికి. ఇంత విలువైన సామాను ఇస్తూ తెల్లకాగితం మీద రెండు లైన్లు కూడా రాయించుకోలేదేం?

స్టాంపు పేపర్ ఆలోచన ఇవాళే మానుకోండి. ప్రతి స్టాంపు పేపర్ వెనుకా అమ్మిన తేదీ, కొన్నవారి పేరు, వరుస నంబరు ఉంటాయి, వెండర్ రిజిస్టర్లోనూ అవే ఉంటాయి. అది బయటపడితే కంప్యూటర్ సంగతి పక్కకెళ్లి, మీ మీద ఫోర్జరీ, తప్పుడు సాక్ష్యం కేసులు నడుస్తాయి, మీ దగ్గరున్న నిజమైన మెసేజుల్ని కూడా ఎవరూ నమ్మరు. దొంగతనం అని స్టేషన్‌కి వెళ్లినా ప్రయోజనం ఉండదు, మీ చేత్తో మీరే ఇచ్చారు.

అతను నివసించే చోటి సివిల్ కోర్టులో వస్తువుని వెనక్కి ఇప్పించమని దావా వేయండి. 'బ్రిటన్‌లో చేసిన స్పెక్ట్రమ్ ప్లస్ వేలంలో దొరుకుతుంది, ఇవే ప్రోగ్రాములు అందులోనూ ఆడతాయి, డబ్బు తీసుకుని కొనుక్కోమనండి' అని అవతలివాళ్లు వాదిస్తారు. కానీ మీది డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సుతో మన దేశంలో తెచ్చినది, అలాంటిది కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 8వ సెక్షన్ ఇలాంటి వాటికే: డబ్బు పరిహారం సరిపోదని కోర్టు ముందుగానే భావిస్తుంది, సరిపోతుందని నిరూపించే బరువు అతనిది. వస్తువు దొరక్కపోతే విలువ ఇప్పించమని ప్రత్యామ్నాయంగా కూడా అడగండి.

దావాతో పాటే, అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్‌కీ (ఆపే ఉత్తర్వుకీ), వస్తువుని భద్రపరచి తనిఖీ చేయించడానికీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ కింద పిటిషన్లు వేయించండి, అమ్మకం మాట విన్నారు కాబట్టి ఇదే తొందర. రాజీకి ఇష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కి పిలిపించవచ్చు, అక్కడి అవార్డు డిక్రీతో సమానం. అయితే ఆ చర్చలు నడుస్తున్నంత మాత్రాన గడువు ఆగదు, కాగితాలు ఈ వారమే వకీలు చేతిలో పెట్టండి.