కావేరిలో పడవెక్కబోతున్న మేనకోడలికి

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మలూ,

దీపావళి దాటాక నాలుగు రోజులు కావేరిలో కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) నడిపి, తలసీమియా అనే రక్తపు జబ్బున్న పిల్లల కోసం చందాలు పోగు చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. శ్రీరంగపట్నం దిగువన, రెండు పాయలూ కలిసే సంగమం దగ్గర మొదలుపెట్టి తలకాడు దాకా వెళ్తారట. వాడి గొంతులో గర్వం ఉంది, భయమూ ఉంది. నిన్ను వద్దనమని నాతో అనలేదు గానీ, నేను అంటే బాగుండునని మాత్రం అనుకున్నాడు. నేను అనను. ఉద్యోగం చేసినన్నాళ్లూ కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ నది మీద తిరిగినదాన్ని. నీకు అక్కరకొచ్చేవి రాస్తున్నాను, నిదానంగా చదువుకో.

ముందు చందాల సంగతి. నీళ్ల గురించి చెప్పకుండా డబ్బు గురించి మొదలుపెట్టానేమిటని అనుకోకు. ఇలాంటి ప్రయాణాల్లో మనిషిని ఎక్కువ ఇబ్బందుల్లోకి లాగేది అదే. మామూలుగా షికారుకి వెళ్లినవాళ్లు ఒళ్లు అలిసిపోతే ఒడ్డుకొచ్చి వ్యాన్ ఎక్కేస్తారు. చందాలు తీసుకున్నవాళ్లు అలా దిగలేరు. ఇంతమంది డబ్బిచ్చారు, మధ్యలో ఆగిపోతే వాళ్లకి ఏం మొహం చూపించాలి అనుకుంటారు. భుజం పట్టేసినా చెప్పరు, జ్వరం తగిలినా దాచుకుంటారు, చీకటి పడుతున్నా ఇంకో మూడు కిలోమీటర్లే కదా అంటారు. మంచి పిల్లలే ఇలా చేస్తారు, మొండివాళ్లు కాదు. అందుకే డబ్బు అడిగేటప్పుడే రాసిపెట్టు: నీటి ఉధృతి బాగోకపోయినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా ప్రయాణం ఆపేస్తాం, మీరిచ్చింది మాత్రం పైసాతో సహా పిల్లలకే చేరుతుంది అని. ఆ ఒక్క వాక్యం ముందే రాసేస్తే నది మీద నీ తల తేలిగ్గా ఉంటుంది. కిలోమీటరుకి ఇంత చొప్పున ఇస్తామని ఎవరైనా అంటే సున్నితంగా కాదను. మొత్తం ఇంత అని చెప్పి ఇవ్వమను.

అడగడానికి మొహమాటపడకు. అయితే నీ సాహసం గురించి కాకుండా పిల్లల గురించి చెప్పు. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. ఎక్కించిన రక్తంతో పాటు ఒంట్లో ఇనుము పేరుకుపోయి గుండెనీ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది, దాన్ని బయటికి పంపడానికి విడిగా మందులు వాడాలి. ఇది ఒకసారి ఆపరేషన్ చేయిస్తే తీరిపోయే ఖర్చు కాదని జనానికి తెలియదు. తెలిస్తే ఇస్తారు. డబ్బివ్వలేనివాళ్లని రక్తం ఇవ్వమని అడుగు. మీ అపార్ట్‌మెంట్‌లో ఒక ఆదివారం రక్తదాన శిబిరం పెట్టిస్తే ఆ పిల్లలకి అంతకంటే కావలసింది లేదు. సొమ్ము నేరుగా ఆ పిల్లల కోసం పనిచేసే సంస్థ ఖాతాలోకే వెళ్లాలి, నీ ఫోన్ నంబరుకి ఒక్క రూపాయి కూడా రాకూడదు. పడవ అద్దె, తిండి, వ్యాన్ ఖర్చు మీ జేబుల్లోంచే పెట్టుకోండి, ఆ మాట నలుగురికీ చెప్పండి. అందరికంటే ముందు నీ చందా నువ్వు కట్టు.

ఇక నది.

మన కుళాయిలో వచ్చే నీళ్లు ఆ కావేరివే కాబట్టి ఏదో ఇంటి మనిషిలా అనిపిస్తుంది. కానీ మీరు వెళ్లే దారిలో నీళ్లు నది ఇష్టప్రకారం రావు, ఎగువన కృష్ణరాజసాగర్ గేట్ల ప్రకారం వస్తాయి. పేపర్లో జలాశయం నీటిమట్టం వేస్తారు, పూర్తి మట్టం 124.80 అడుగులు. అది చూసి లెక్క వేసుకోవద్దు. పక్కనే 'ఔట్‌ఫ్లో' అని క్యూసెక్కుల్లో వేస్తారే, నీకు కావలసింది ఆ అంకె. బయల్దేరే ముందు వారం రోజులు అది రోజూ చూడు. పెరుగుతూ ఉంటే ఎందుకు వదులుతున్నారో మీ నిర్వాహకుల్ని అడుగు. దీపావళి తర్వాత నైరుతి వరద తగ్గిపోయి ఉంటుంది, నిజమే. అయితే అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టే కాలం, రెండు రోజులు ముసురు పడితే లెక్కలన్నీ మారిపోతాయి. తిరుమకూడలు నరసీపురం దగ్గర కుడివైపు నుంచి కబిని వచ్చి కలుస్తుంది. దానికి ఎగువన వేరే డ్యామ్ ఉంది, వేరే గేట్లు. రెండు నీళ్లూ కలిసే చోట పడవ ముక్కు ఉన్నట్టుండి పక్కకి లాగుతుంది, ఇద్దరూ తెడ్డు ఆపకుండా వేస్తూ దాటేయండి. రాత్రి గుడారం వేసుకున్న చోట నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పడుకో. రాత్రి లేచినప్పుడు టార్చి వేసి చూస్తే నీళ్లు పెరుగుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. పడవల్ని గట్టు మీదికి లాగి, చెట్టుకి కట్టి పెట్టండి.

నాకు ఆ దారిలో అన్నింటికంటే భయమనిపించేవి ఆనకట్టలు. పెద్ద డ్యాములు కావు. రాజుల కాలంలో కాలువలకి నీళ్లు మళ్లించడానికి కట్టిన పొట్టి రాతి కట్టలు. తలకాడు దగ్గర మాధవమంత్రి ఆనకట్ట విజయనగర కాలం నాటిది. పడవలో కూర్చుని చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది, నీళ్లు నున్నగా, అద్దంలా సాగి ఒక గీత దగ్గర ఆగిపోతాయి. ఆ గీతకి అవతల చెట్ల మొదళ్లు కనిపించవు, తలలే కనిపిస్తాయి. అదే గుర్తు. కట్ట మీంచి దూకిన నీరు కింద గుండ్రంగా తిరిగి మళ్లీ కట్టవైపే వస్తుంది. అందులో పడ్డ మనిషిని పైకి తేల్చి, మళ్లీ లోపలికి లాక్కుని, మళ్లీ తేల్చి అక్కడే తిప్పుతూ ఉంటుంది. నురగలో గాలి ఎక్కువ కాబట్టి లైఫ్ జాకెట్ కూడా సరిగా తేల్చదు. దూకుడు నాలుగడుగులే అయినా ఇంతే. గజ ఈతగాళ్లు పోయింది కూడా ఇలాంటి చోట్లే. మీ బృందంలో ఎవరైనా నీళ్లు తక్కువగానే ఉన్నాయి, జారిపోదాం అంటే నువ్వు దిగి నడువు. ప్రతి కట్టకీ బాగా ఎగువనే ఒడ్డు పట్టి, సామాను దించి, పడవని మోసుకుని దిగువకి వెళ్లి మళ్లీ ఎక్కాలి. గంట పోతుంది, పోనీ. రోజుకి ఎంత దూరం అని లెక్క వేసేటప్పుడే ఈ గంటల్ని కలుపుకోమని చెప్పు. కట్ట ఎక్కడుందో ఫోన్లో మ్యాపు చూస్తే సరిపోదు. తెప్ప నడిపేవాళ్లనీ చేపలు పట్టేవాళ్లనీ అడుగు, "ముందె అణెకట్టు ఇదెయా?" అని. మన పుట్టినే అక్కడ తెప్ప అంటారు. వాళ్లకి ఆ నీళ్లలో ప్రతి బండా తెలుసు, అడిగితే ఎంతో ఆదరంగా చెబుతారు. వాళ్ల వలలు అడ్డమొస్తే చుట్టూ తిరిగి వెళ్లండి, కోసేయడం మహాపాపం.

తలకాడు దాటి శివనసముద్రం దాకా పోదామనే మాట వస్తే ఒప్పుకోకు. అక్కడ నది జలపాతమై వంద మీటర్లకి దగ్గర లోతుకి దూకుతుంది. 1902లో కోలారు బంగారు గనులకి కరెంటు పంపింది ఆ దూకుడు బలంతోనే. చూడాలనుంటే వ్యాన్‌లో వెళ్లి చూసి రండి.

చిన్న చిన్న వడి ఉన్నచోట నీటిని చదవడం నేర్చుకో. రెండు రాళ్ల మధ్య నున్నని నాలుక కిందికి కొసదేలి కనిపిస్తే అది దారి. కొస నీవైపు తిరిగి, రెండు గీతలూ దిగువకి విచ్చుకుంటే ఆ కొస దగ్గర నీళ్ల కింద బండ ఉంది. బండకి పడవ అడ్డంగా తగిలితే భయపడి ఎగువకి వాలతారు అందరూ, పడవ నిండేది అందుకే. బండవైపే వాలాలి. నీళ్లలో పడితే పడవకి ఎగువవైపు ఉండు, ఎప్పుడూ దిగువన ఉండకు. నీళ్లు నిండిన కనూ కొన్ని వందల కిలోల బరువు, నిన్ను బండకేసి నొక్కేస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకి చాపి, పాదాలు నీటి పైకి పెట్టు. మోకాలు దాటిన పారే నీళ్లలో లేచి నిలబడాలని చూడకు, రాళ్ల సందున పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకి పడేసి లేవనివ్వదు. ఇదంతా చదివితే రాదు. బసవనగుడి ఈతకొలనులో జాకెట్ వేసుకుని అరగంట తేలి చూడు, ఒంటికి అలవాటు కావాలి.

ఆ నీళ్లలో మొసళ్లున్నాయి. ఎగువన రంగనతిట్టు పక్షుల రక్షిత ప్రాంతం దగ్గరే కాదు, దిగువన కూడా. ఎండ కాచుకునే తిన్నెలకి దూరంగా వెళ్లండి, చీకటి పడ్డాక, తెల్లవారకముందు నీటి అంచుకి వెళ్లకండి, గిన్నెలు కడిగిన ఎంగిళ్లు అక్కడ పారబోయకండి. ఇలా ఉంటే వాటి దారిన అవి ఉంటాయి.

తెడ్డు చేతులతో వేస్తే రెండో రోజుకి భుజాలు పోతాయి. నడుము పైభాగం తిప్పి వేయాలి, చేతులు ఊరికే పట్టుకుని ఉంటాయంతే. కాసేపటికోసారి వైపు మార్చుకోండి. పిడికిలి బిగించకు. బొటనవేలి మొదట్లో మంట పుట్టగానే టేపు వేసెయ్, పొక్కు లేచాక వేస్తే లాభం లేదు. తెల్లవారి వెలుగు రాగానే బయల్దేరి, మధ్యాహ్నం గాలి లేచేలోపు రోజు పని చాలావరకు ముగించండి. ఎదురుగాలిలో మూడు గంటలు పడే కష్టం పొద్దున ఒక గంటలో తేలిపోతుంది. వెనక కూర్చున్నవాళ్లు దారి పడతారు, ముందు కూర్చున్నవాళ్లు రాళ్లు చూసి చెబుతారు. ఒకరి పని ఒకరు చేయబోతేనే గొడవలు. నీతో ఒకే పడవలో కూర్చునే మనిషితో ముందే ఒక పూట నీళ్ల మీద గడుపు.

ఆడపిల్లవి కాబట్టి ఒకటి విప్పి చెబుతాను. మాటిమాటికీ ఒడ్డుకి వెళ్లాల్సి వస్తుందని అమ్మాయిలు నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి వాంతులు, రాత్రికి మూత్రంలో మంట. గంటన్నరకోసారి అందరూ ఒడ్డుకి రావాలని మొదటి రోజే నియమం పెట్టించు, ఎవరూ నోరు తెరిచి అడగాల్సిన పని ఉండదు. నెలసరి ఆ రోజుల్లో వచ్చేలా ఉంటే అందుకోసం ప్రయాణం మానుకోవద్దు; కప్పు వాడేదానివైతే అంతకంటే సుఖం లేదు, ప్యాడ్లయితే వాడినవి మూసేసుకుని వెనక్కి తెచ్చుకో. నది నీళ్లు కాచినా కాచకపోయినా తాగకండి, ఊళ్ల మురుగంతా అందులోకే వస్తుంది. తాగే నీళ్లు క్యాన్లలో తెప్పించుకోండి, ఉప్పు వేసిన మజ్జిగ దొరికినప్పుడల్లా తాగు. పొద్దున్నే రాగిముద్ద, మధ్యాహ్నం చిత్రాన్నమో పెరుగన్నమో చాలు. బిస్కెట్లతో తెడ్డు వేయలేరు.

జీన్స్ వేసుకోకు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకో. నీటి మీంచి కొట్టే ఎండ గడ్డం కిందా ముక్కు కిందా కాలుస్తుంది, అక్కడ కూడా క్రీము రాసుకో.

కాళ్ల మీద గీతలుంటే ఆ నీళ్లలోంచి ఎలుక జ్వరం పట్టవచ్చు. వెళ్లే ముందే డాక్టర్ని కలిసి ముందుజాగ్రత్త మందు కావాలా అని అడుగు. తిరిగొచ్చిన నెల రోజుల్లోపు జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, నదిలో తిరిగొచ్చానని నీ నోటితో చెప్పు. చెప్పకపోతే వాళ్లు డెంగీ పరీక్ష చేసి ఊరుకుంటారు.

తిరిగొచ్చిన వారంలోపు ఇచ్చినవాళ్లందరికీ లెక్క పంపు. ఎంత వచ్చింది, ఎప్పుడు జమ అయింది, రసీదు ఎలా వస్తుంది అన్నవి చాలు. ఫోటోలు తర్వాత పంపుకోవచ్చు.

వచ్చే ఆదివారం ఇంటికి రా, మీ నిర్వాహకులిచ్చిన లైఫ్ జాకెట్ తీసుకుని రా. పట్టీలన్నీ బిగించాక నేను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగుతాను. అది నీ చెవుల దాకా లేచిందంటే సైజు పెద్దది, మార్పించుకోవాలి. నా పాతది ఇస్తానని మీ నాన్నతో అన్నాను గానీ వద్దు. ఏళ్లు గడిచి లోపలి ఫోమ్ గట్టిపడింది, అది ఇప్పుడు ఎవరినీ తేల్చలేదు.

మీ మేనత్త