ముందు గవ్వలు వెయ్యి, సూత్రాలు తర్వాత

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

సంభావ్యత అంటేనే టెన్షన్ అని మొన్న ఫోన్లో అన్నావు. సూత్రాలన్నీ నోటికి వచ్చు, లెక్క చూస్తే ఏది వాడాలో తోచట్లేదు అన్నావు. ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను కదా, ఈ మాట ఏటా విన్నదే. సూత్రాల కాగితం ఓ వారం పక్కన పెట్టు. అమ్మమ్మ అలమారలో రేకు డబ్బా ఉంటుంది, అందులోంచి అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తీసుకో.

మనింటి ఆట నీకు తెలిసిందే. ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. అంటే పడేవి అయిదు రకాలు. మరి అష్టా పడే సంభావ్యత అయిదింట ఒకటా? ఇక్కడే సగంమంది బోల్తా పడతారు. గవ్వలకు తలో రంగు పూశావనుకుని విడివిడిగా రాసి చూడు. ఒక్కో గవ్వకు రెండు తీర్లు, నాలుగింటికీ కలిపి 16. వాటిలో ఒకటే వెల్లకిలా పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మాకు 1, అష్టాకు 1. అంటే అష్టా సంభావ్యత 1ని 16తో భాగిస్తే వచ్చేది, పదహారింట ఒకటి. రెండు ఊరికే పడుతూ అష్టా ఏడిపించేది అందుకే.

కాబట్టి భాగించే ముందు, నువ్వు లెక్కపెట్టినవన్నీ పడే అవకాశం సమానంగా ఉన్నవేనా అని చూసుకో. ఫ్రాన్స్‌లో డాలంబేర్ అని పెద్ద గణితవేత్త. నాణెం రెండుసార్లు వేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం మూడింట రెండు అని 1754లో విజ్ఞాన సర్వస్వంలో రాశాడు. మొదటిసారే బొమ్మ పడితే ఇక రెండోసారి వెయ్యక్కర్లేదు, కాబట్టి ఉన్నవి మూడే అనుకున్నాడు. అసలు జవాబు నాలుగింట మూడు. అంతటివాడికే తప్పింది, నీకు తప్పితే ఏమైంది!

ఇంకో పేచీ ఉంది. గవ్వకు ఒకవైపు ఉబ్బు, ఒకవైపు చీలిక. రెండువైపులా సమానంగా పడుతుందని ఎవరు చెప్పారు? పుస్తకంలో ‘నిష్పాక్షిక నాణెం’ అని రాసి ఉంటే పిల్లలు ఆ మొదటి మాట చదవకుండా దాటేస్తారు. లెక్కంతా నిలబడింది దానిమీదే. గవ్వల విషయంలో వేసి చూడడం తప్ప దారి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న కెరిచ్ అనే ఆయన నాణేన్ని పదివేలసార్లు ఎగరేసి రాసుకున్నాడు. బొమ్మ 5,067 సార్లు పడింది. నువ్వు 200 సార్లు వేస్తే చాలు.

కూడడమా, గుణించడమా అన్న గొడవకు వస్తాను. డిగ్రీలో నేనే చేసిన తప్పు చెబుతాను. పాచిక నాలుగుసార్లు వేస్తే ఒక్కసారైనా ఆరు పడే సంభావ్యత ఎంత? ఆరింట ఒకటిని నాలుగుసార్లు కూడేసి మూడింట రెండు అని రాశాను. లెక్చరర్ ఏమీ కొట్టెయ్యలేదు, పక్కన ‘ఏడుసార్లు వేస్తే?’ అని రాసి ఇచ్చారు. ఏడుసార్లకు కూడితే ఒకటి దాటిపోతుంది! రెండు సంగతులు కలిసి జరగడానికి వీల్లేనప్పుడే ఊరికే కూడాలి. ‘కనీసం ఒకసారి’ అని కనిపిస్తే తిరగేసి, అసలు పడకపోవడం లెక్కగట్టు. ఒక్కో వేటుకూ ఆరింట అయిదు, నాలుగు వేట్లకు గుణిస్తే 625/1296. ఒకటిలోంచి తీసేస్తే 671/1296, సగానికి కాస్త ఎక్కువ. ఒక వేటు సంగతి ఇంకో వేటుకు పట్టదు కనుకే గుణించాం. ‘ఇంతసేపూ పడలేదు, ఈసారి పడి తీరాలి’ అని మీ అమ్మ ఆటలో పంతం పట్టేది, గుర్తుందా? పాచికకు ఆ పంతంతో పనిలేదు.

డబ్బాలో ఒక గవ్వ అంచు విరిగి ఉంటుంది, దాన్ని తీసెయ్యి. 200 సార్లు వేశాక అష్టా ఎన్నిసార్లు పడిందో ఫోన్ చెయ్యి. 200లో పదహారో వంతు, అంటే పన్నెండుకో పదమూడుకో దగ్గర రాలేదని అంకెలు మాత్రం దిద్దకు.

మీ మామయ్య