కొరియన్ బీఫ్ రైస్ బౌల్ ఇంట్లో చేస్తే మాంసం నీళ్ళు వదిలి గట్టిపడుతోంది, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో ఉంటున్నారు, ఆఫీసు నుంచి వచ్చాక అరగంటలో అయిపోయేలా కొరియన్ బీఫ్ బౌల్ కావాలి, వీడియోలు చూసి మూడుసార్లు చేశారు, మూడుసార్లూ మాంసం నీళ్ళు వదిలి రబ్బరులా సాగింది, పైగా ఉప్పు ఎక్కువైంది, సాస్ బ్రాండ్ మార్చాలా అని. బ్రాండ్ మార్చాల్సిన పని లేదండీ. మీ మాంసం వేగట్లేదు, ఉడుకుతోంది. తేడా అంతా అక్కడే ఉంది.

నేను 2016 నుంచి నాలుగేళ్ళు దక్షిణ కొరియాలోని డేజాన్‌లో చదువుకున్నాను. అక్కడ నేనుండేది వన్‌రూమ్, అంటే పడక, వంట, చదువు అన్నీ ఒకే గదిలో, పొయ్యి కూడా ఒక్కటే. మొదటి చలికాలంలో అరకిలో మాంసం ఫ్రీజర్లోంచి తీసి, పూర్తిగా మంచు వదలకముందే సాస్‌లో కలిపి, మొత్తం ఒకేసారి పెనం మీద వేసేశాను. అర నిమిషంలో చుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది, అంచుల చుట్టూ బూడిద రంగు నీళ్ళు ఊరాయి. ఆ నీళ్ళు ఇగిరేదాకా పదిహేను నిమిషాలు ఉంచాను. నీళ్ళయితే ఇగిరాయి గానీ సోయా సాస్‌లోని ఉప్పు ఎక్కడికీ పోదు కదా, అదంతా చిక్కబడి ముక్కకి పట్టింది, ఈలోగా ముక్క నమలలేనంత గట్టిపడింది. మీకు జరుగుతున్నదీ ఇదే. గట్టిదనం, ఉప్పదనం రెండు వేర్వేరు సమస్యలు కావు, రెండూ ఆ నీళ్ళ వల్ల వచ్చినవే.

మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేది, నేను ఒన్నీ అని పిలిచేదాన్ని, అంటే అక్కా అని. ఈ సంగతి చెబితే ఆ వారాంతం వచ్చి చేసి చూపించింది. సాస్ జోలికి పోనేలేదు, ముందు మాంసాన్ని కిచెన్ పేపర్ మీద ఒక్కో పొరగా పరిచి పైన ఇంకో పేపర్ పెట్టి అరచేత్తో నొక్కింది. పేపర్ గులాబీ రంగుకి తిరిగి తడిసి ముద్దయింది. తీసేసి ఇంకోటి వేసింది. మూడో పేపర్ దాదాపు పొడిగా వచ్చాకే పెనం పెట్టింది. మాంసంలో ఎలాగూ 70 శాతం దాకా నీళ్ళే ఉంటాయి, పైన ఉన్న తడి కూడా తోడైతే పెనం సెగ అంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, ముక్క ఎర్రబడదు. పేపర్‌తో నొక్కడం అక్కడ ఇళ్ళలో మామూలు పనే, ఆ ఎర్ర నీళ్ళని పిట్ముల్ అంటారు, అది తీయకపోతే నీచు వాసన వస్తుందంటారు.

ఇప్పుడు మీ పద్ధతి దగ్గరికి వద్దాం. వీడియోల్లో మీరు చూస్తున్నది ఎక్కువగా బుల్గోగీ. పల్చటి మాంసాన్ని సోయా సాస్, పంచదార, వెల్లుల్లి, తురిమిన కొరియన్ పియర్‌లో నానబెట్టి వండేది. అందులోనూ రకాలున్నాయి. సియోల్ పద్ధతిలో మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే పెనం మీద చేస్తారు, రసం అంచుల్లోకి జారి నిలుస్తుంది, ఆ రసం కావాలనే పెట్టుకుంటారు. ఒన్యాంగ్, గ్వాంగ్యాంగ్ ఊళ్ళలో చేసేది బొగ్గుల మీద కాల్చేది, అది పొడిగా ఉంటుంది. అన్నం మీద వేసి ఇచ్చే గిన్నెని దొప్బాప్ అంటారు, అంటే అన్నాన్ని కప్పేది అని. దొప్బాప్‌కి కాస్త రసం ఉండాలి, అన్నం తడవాలి, కానీ ఆ రసం మాంసం వేగాక రావాలి, వేగకుండా అడ్డుపడకూడదు.

అందుకే హడావిడిగా ఉన్న రోజు నేను నానబెట్టను. ముందు మాంసం వేయిస్తాను, సాస్ చివర్లో పోస్తాను. నానబెట్టిన రుచి పూర్తిగా వస్తుందా అంటే రాదు, సెలవు రోజున నానబెట్టి చేస్తే ఇంకా బాగుంటుంది, కానీ ఇరవై నిమిషాల్లో ఇంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు.

ఇద్దరికి 300 గ్రాముల మాంసం సరిపోతుంది. కొరియాలో బుల్గోగీ కోసమని పల్చగా కోసినది ఏ మార్ట్‌లోనైనా దొరుకుతుంది. వాళ్ళ హాన్‌వూ, అంటే కొరియా దేశవాళీ పశువుల మాంసం, ఖరీదు చూసి నేను ఎప్పుడూ ఆస్ట్రేలియాదే కొనేదాన్ని, ఈ వంటకి అది చాలు. మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి హెచ్ మార్ట్ లాంటి కొరియన్ సరుకుల షాపులో కోసినదే ఉంటుంది. దొరకకపోతే ముక్క కొని గంటసేపు ఫ్రీజర్లో పెట్టండి, సగం గట్టిపడ్డాక నారకి అడ్డంగా పల్చగా కోయండి. నార వెంబడి కోస్తే ఎంత బాగా వేయించినా సాగుతుంది. అదీ ఓపిక లేకపోతే ఖీమా తెచ్చేయండి, నిజానికి వారం మధ్యలో నాకు ఇష్టం ఖీమాయే, గట్టిపడుతుందనే టెన్షన్ ఉండదు. హైదరాబాద్‌లో చేసుకునేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే: మనకి దొరికే పెద్ద మాంసం సాధారణంగా గేదెది, దాని నార గట్టిది, ముక్కలతో ఈ త్వరగా చేసే పద్ధతి కుదరదు, ఖీమాతోనే చేయండి. ముక్కలే కావాలంటే కబాబులకి పట్టించినట్టు పచ్చి బొప్పాయి ముద్ద కొంచెం పట్టించి ఉంచాలి. కొరియాలో పియర్ చేసే పని అదే. కివీ, అనాసపండు కూడా మెత్తబరుస్తాయి కానీ వాటి పవర్ ఎక్కువ, అరగంట దాటితే ముక్క పిండిపిండిగా అయిపోతుంది.

సాస్‌కి సోయా సాస్ రెండున్నర చెంచాలు, పంచదార ఒక చెంచా, తురిమిన పియర్ గానీ యాపిల్ గానీ మూడు చెంచాలు, దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, మిరియాల పొడి అర టీస్పూన్, నీళ్ళు రెండు చెంచాలు. ఇక్కడ చెంచా అంటే అన్నం తినే చెంచా. కొరియన్ ఇళ్ళలో కొలత దానితోనే, అది మీ దగ్గరుండే 15 మిల్లీలీటర్ల టేబుల్‌స్పూన్ కన్నా చిన్నది. మీ ఉప్పు ఎక్కువవడానికి ఇదొక కారణం అయ్యుండొచ్చు, ఒకసారి చూసుకోండి. ఇంకో సంగతి, సీసా మీద గుక్‌గాన్‌జాంగ్ అని ఉంటే అది పులుసుల్లో వేసే సోయా సాస్, చాలా ఉప్పగా ఉంటుంది, దీనికి వాడకండి. జిన్‌గాన్‌జాంగ్ గానీ యాంగ్‌జోగాన్‌జాంగ్ గానీ తీసుకోండి. మన దగ్గర నూడుల్స్‌లో వేసే నల్లటి డార్క్ సోయా సాస్ కూడా వద్దు.

నువ్వుల నూనె విషయంలో చాలామంది మనవాళ్ళు పొరపాటు పడతారు. ఆవకాయలో పోసే పప్పు నూనె వేరు, కొరియన్ చామ్‌గిరుమ్ వేరు. అది బాగా వేయించిన నువ్వుల నుంచి తీసినది, ముదురు రంగు, మూత తీస్తే గది నిండా వాసన. దానితో వేయించకూడదు, స్టవ్ ఆపేశాక ఒక టీస్పూన్ పైన వేయాలి. అది లేకపోతే పప్పు నూనె బదులు పోయకండి, రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి చేత్తో నలిపి చల్లండి, దాదాపు ఆ వాసనే వస్తుంది.

పొయ్యి దగ్గర పని పది నిమిషాలే. అన్నం ముందే పెట్టేయండి. నాన్‌స్టిక్ కన్నా ఇనుప మూకుడు మంచిది, పొగ లేచేదాకా కాగనిచ్చి ఒక చెంచా మామూలు నూనె వేసి, సగం మాంసమే పరచండి. ఇక ఒక నిమిషం ముట్టుకోవద్దు. చెయ్యి ఊరుకోదు, కలపాలనిపిస్తుంది, వద్దు. అడుగు గోధుమరంగుకి వచ్చాక తిప్పి, ఎర్రదనం పోగానే పళ్ళెంలోకి తీసేయండి. చప్పుడు వింటూ ఉండండి, చిటపటలు తగ్గి బుడబుడమంటే నీళ్ళు ఊరుతున్నట్టే, అప్పుడు ఇంకా తక్కువ తక్కువగా వేయాలి. మిగతా సగం కూడా అలాగే. తర్వాత అదే మూకుట్లో ఒక పెద్ద ఉల్లిపాయ నిలువు ముక్కలు రెండు నిమిషాలు వేయించి, సాస్ పోసి, అది మరిగి కొంచెం చిక్కబడగానే మాంసం వేసి ఒక్క నిమిషం తిప్పి దించేయండి. ఖీమా అయితే మాంసం పూర్తిగా ఉడికిందో లేదో చూసుకోండి, లోపల ఎర్రగా ఉండకూడదు. పైన ఉల్లికాడలు, నువ్వులు, పచ్చసొన సగమే ఉడికిన గుడ్డు, అంటే బుల్స్ ఐ. పక్కన కిమ్చీ, అంటే వాళ్ళ పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి. కారం కావాలంటే గోచుజాంగ్ అనే కొరియన్ మిరప ముద్ద ఒక టీస్పూన్ సాస్‌లో కలపండి, అందులోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి ఆ మేరకు సోయా సాస్ తగ్గించాలి. మన కారప్పొడి మాత్రం వేయకండి, ఆ తీపికి మన ఘాటు అడ్డం తగులుతుంది, నేను వేసి చూశాను, మళ్ళీ వేయలేదు.

అన్నం సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ గిన్నెలో సగం అదే. బాస్మతి వద్దు, పలుకుపలుకుగా ఉండే అన్నం మీద ఈ రసం నిలవదు, అడుక్కి జారిపోతుంది. పొట్టి గింజ కొరియన్ బియ్యం నాలుగుసార్లు కడిగి అరగంట నానబెట్టి, బియ్యానికి కొంచెమే ఎక్కువ నీళ్ళు పోస్తే చాలు. సోనా మసూరి అయితే మామూలుకన్నా పావు కప్పు నీళ్ళు ఎక్కువ పోసి, పెరుగన్నానికి వండినట్టు కాస్త మెత్తగా వండండి.

తినడం అయ్యాక మూకుడు కడిగేయొద్దు. అడుగున సాస్ పాకంలా అంటుకుని ఉంటుంది. ఒన్నీ గుప్పెడు అన్నం అందులోనే వేసి, చెక్క గరిటెతో గీకుతూ వేయించి, చివర్లో చింపిన నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు, ముక్కలు చల్లింది. మా ఇంట్లో ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి కలిపి, అమ్మ మా అందరికీ ముద్దలు పెట్టేది. ఆ మాట ఒన్నీకి చెబితే, తను మళ్ళీ ఎప్పుడు చేసినా నా వాటా అన్నం ముందే పక్కన తీసి ఉంచేది.