లైబ్రరీలో ‘కొత్తవి’ అని పెట్టిన రిఫరెన్స్ పుస్తకం నిజంగా కొత్తదేనా, ఎలా తెలుసుకోవాలి?

అట్ట చూసి మోసపోకండి. టైటిల్ పేజీ వెనక్కి తిప్పండి. పైన ‘ముద్రణ 2024’ అని ఉండి, కింద చిన్న అక్షరాల్లో ‘మొదటి ముద్రణ 2009’ అని ఉంటే చాలావరకు పాత సరుకే. ఉత్త పునర్ముద్రణలో లోపలి విషయం మారదు. ‘సవరించిన కూర్పు’ అని ఉందేమో చూడండి. వైద్యం, చట్టం, కంప్యూటర్ల పుస్తకాలకి ఇది మరీ ముఖ్యం. నిఘంటువుకి అంత టెన్షన్ అక్కర్లేదు.

తర్వాత చివర్లో పదసూచిక. మీకు బాగా తెలిసిన ఒక్క మాట వెతికి, ఆ పేజీ చదవండి. తెలిసిన చోటే తప్పులుంటే తెలియని చోట ఎలా నమ్ముతాం?

అన్నట్టు, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అచ్చులో చివరిగా వచ్చింది 2010 కూర్పే, 32 సంపుటాలు. అరలో తళతళలాడుతున్నా, తాజా జనాభా లెక్కలకి మాత్రం దాన్ని తెరవకండి.