హిందూపురం బండి వచ్చే వైపు కూడా ఒకసారి చూడండి

ప్రశ్న: మాది హిందూపురం. తొమ్మిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం, అద్దె 30 వేలు. నేను పీణ్యాలో మెషీన్ టూల్స్ ఫ్యాక్టరీలో, మా ఆవిడ వైట్‌ఫీల్డ్ దగ్గర ఐటీ పార్కు ఐటీపీఎల్‌లో పనిచేస్తాం. ఆవిడకు వారానికి మూడు రోజులే ఆఫీసు. ఇద్దరికీ కలిపి చేతికొచ్చేది నెలకు 1.45 లక్షలు, దాచుకున్నది 24 లక్షలు. బ్యాంకువాళ్లు 80 లక్షల ఇంటికి వెళ్లొచ్చన్నారు. వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు మాకు అందడం లేదు. కేఆర్ పురం దగ్గర ఒక బ్రోకరు 58 లక్షలకు రెండు బెడ్‌రూముల ఫ్లాటు చూపించాడు. బి ఖాతా (పూర్తి అనుమతులు లేని ఆస్తులకు ఇచ్చే పన్ను రికార్డు), త్వరలో ఎ ఖాతా (అన్నీ సక్రమంగా ఉన్నవాటిది) అవుతుందట. ఇంకా ఎవరి కళ్లూ పడని, ముందు ముందు ధర పెరిగే ఏరియా చెప్పగలరా?

జవాబు: ఏరియా సంగతి తర్వాత. ఊరికి పడమటి వైపు పీణ్యాలో పనిచేసే మీరు తొమ్మిదేళ్లుగా తూర్పున మారతహళ్లిలో ఎందుకున్నారండీ? నా ఊహ చెప్తాను. ఉద్యోగానికి కొత్తగా వచ్చి స్నేహితుడి గదిలో దిగారు, కింద ఆంధ్రా మెస్సు, పక్క వీధిలో మన ఊరివాళ్లు. పెళ్లయ్యాక కూడా అక్కడే ఇల్లు చూసుకున్నారు. బెంగళూరులో మనవాళ్లు చాలామందికి ఊరంటే సిల్క్ బోర్డు దగ్గర మొదలై హొసకోటె దగ్గర అయిపోతుంది. మెజెస్టిక్ దాటి పడమర వైపు ఏముందని అడిగితే, మైసూరు వెళ్లే దారి అంటారు.

మీరు అడిగిన 'ఎవరి కళ్లూ పడని' ఏరియాలు ఈ ఊళ్లో లేవు. మన కళ్లు పడనివి మాత్రం ఉన్నాయి. దాసరహళ్లి, నాగసంద్ర, విద్యారణ్యపుర, కెంగేరి... బీఈఎల్, హెచ్‌ఎంటీల్లో పనిచేసి రిటైరైన కుటుంబాలు, చిన్న వ్యాపారులు అటువైపు ఏళ్ల తరబడి ఉంటున్నారు. ఐటీ జీతాల పోటీ తక్కువ కాబట్టి ధరలు తూర్పున ఎగిరినట్టు ఎగరలేదు. పెద్ద రహస్యమేమీ లేదు.

మీకైతే నేను మెట్రో గ్రీన్ లైనుకు పీణ్యా వైపు చివర చూడమంటాను. జాలహళ్లి, దాసరహళ్లి, నాగసంద్ర, అక్కడి నుంచి మంజునాథనగర, చిక్కబిదరకల్లు, మాదావర. మీ ఫ్యాక్టరీకి కొద్ది స్టేషన్లే. కష్టం మీ ఆవిడకు: మెజెస్టిక్‌లో బండి మారి ఐటీపీఎల్ చేరేసరికి గంటన్నర పట్టొచ్చు. 2025 ఫిబ్రవరిలో పెంచాక మెట్రో గరిష్ఠ ఛార్జీ 90 రూపాయలు, అంటే మూడు రోజుల ఆఫీసుకు నెలకు రెండు వేల పైచిలుకు. మూడు రోజులు రేపు ఐదు రోజులైతే ఏం చేస్తారన్నది ఆవిడనే అడగండి, మీరు జవాబు చెప్పకండి. ఇంకోటి, మీ అమ్మానాన్నలు వచ్చే హిందూపురం బండ్లు యలహంక మీదుగానే వస్తాయి. అక్కడ దిగి దాసరహళ్లి వైపు రావడం, మారతహళ్లి దాకా ఊరంతా దాటి రావడం కన్నా చాలా నయం.

ఇక, ఒక చోట ధర తక్కువుందంటే కారణం లేకుండా ఉండదు. ఆ కారణం ఏమిటో తెలిసేదాకా టోకెన్ అడ్వాన్సు ఇవ్వకండి. కెంగేరి దగ్గర కొన్ని వీధుల్లో వృషభావతి కాలువ కంపు. సాయంత్రం పూట వెళ్లి నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. తుమకూరు రోడ్డు పొడవునా లారీలు, దుమ్ము. వీటితో బతకగలమో లేదో ఎవరికి వారే తేల్చుకోవాలి. పీణ్యా చుట్టుపక్కల మాత్రం తేలిగ్గా తీసుకోకూడనిది ఒకటుంది: ఫ్యాక్టరీల వ్యర్థాలతో అక్కడి భూగర్భ జలాల్లో క్రోమియం లాంటి లోహాలు బయటపడ్డాయి. అపార్ట్‌మెంట్ బోరు మీద నడుస్తుంటే ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లి ల్యాబులో ఇవ్వండి. 60 లక్షల కొనుగోలు ముందు ఆ పరీక్ష ఖర్చు ఎంతని!

నీళ్ల మాటొచ్చింది కాబట్టి. ఆమధ్య ఒక క్లయింటుతో కలిసి ఫ్లాటు చూడ్డానికి వెళ్లాను. కొత్త పెయింటు, గుమ్మానికి పూలదండ. సేల్స్ అబ్బాయి బాల్కనీ నుంచి కొండ చూపిస్తుంటే నేను కిందికొచ్చి లిఫ్టు పక్కన నోటీసు బోర్డు చదివాను. మెయింటెనెన్స్ కింద ఒక లైను, దాని కింద 'ట్యాంకర్ల ఖర్చు, ఒక్కో ఫ్లాటుకు 1,850' అని పెన్నుతో రాసుంది. సెల్లార్‌లో స్తంభాలకు మోకాలి ఎత్తున మట్టి గీత, అంటే వాన నీళ్లు నిలిచిన గుర్తు, మీద సున్నం కొట్టినా కనపడుతూనే ఉంది. పది నిమిషాల్లో మేం బయటికొచ్చేశాం. 2007లో నగర పాలక సంస్థ బీబీఎంపీలో కలిసిన 110 గ్రామాల కోసమని కావేరి నీటి పథకం ఐదో దశను 2024 అక్టోబర్‌లో ప్రారంభించారు. పైపు వీధిలోకి వచ్చిందా, ఈ బిల్డింగుకు కనెక్షన్ తీసుకున్నారా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండూ అడగండి. ఖరీదైన చోటైతే నీళ్లు నిలిచే బాధ ఉండదనుకోకండి: 2022 సెప్టెంబర్ వరదల్లో సర్జాపుర రోడ్డు విల్లాల్లోంచి జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు.

'మెట్రో వస్తోంది' అన్న మాటకు పైసా ఎక్కువ ఇవ్వొద్దు. నాగసంద్ర నుంచి మాదావరకు మూడు కిలోమీటర్ల పైన కొంచెమే, అది కూడా గడువులు మారుతూ మారుతూ 2024 నవంబర్‌లో తెరుచుకుంది. సబర్బన్ రైలుకు 2022 జూన్‌లో శంకుస్థాపన చేసి 40 నెలల్లో పూర్తన్నారు. ఆ నెలలు గడిచిపోయాయి, చిక్కబాణావరలో బ్రోకర్లు ఇంకా ఆ రైలునే అమ్ముతున్నారు. నడుస్తున్న బండి ఉన్నచోటే చూడండి. స్టేషన్‌కు ఎంత దూరమో బ్రోకరు బైకు మీద కాదు, మీరు నడిచి చూసుకోండి.

ధర సరైనదో కాదో తేల్చడానికి నేను చేసేది చాలా మామూలు పని. అదే బిల్డింగులో అద్దె ఎంతో వాచ్‌మన్‌ను అడుగుతాను. 65 లక్షల ఫ్లాటుకు 18 వేలు వస్తే ఏడాదికి 2.16 లక్షలు, 3.3 శాతం. ఫరవాలేదు. 12 వేలే వస్తుందంటే మిగతా ధరంతా ఎవరో ఏదో వస్తుందని చెప్పిన ఆశ. రేపు మెట్రో వస్తుందని ఈరోజు ఎక్కువ అద్దె కట్టేవాడు ఉండడు.

ఇప్పుడు మీ 80 లక్షలు. అది బ్యాంకు బడ్జెట్, మీది కాదు. 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య అప్పుకు ఆస్తి విలువలో 80 శాతం దాకే ఇస్తారు. అంటే 16 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి, 2025 ఆగస్టు ఆఖర్లో రెట్టింపైన రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, మొత్తం 7.6 శాతం, ఆరు లక్షల పైన. మీ చేతిలో రెండు లక్షలు కూడా మిగలవు. ఈఎంఐ 8 శాతం వడ్డీకి 20 ఏళ్లంటే 53,500. అదే 65 లక్షల ఇల్లయితే సొంత డబ్బు 13, రిజిస్ట్రేషన్‌కు దాదాపు 5, ఆరు లక్షలు మిగులుతాయి. ఈఎంఐ 43,500. నా లెక్కలో మీ బడ్జెట్ 65, అందులో ఒక్క లక్ష దాటినా వద్దు. ఆ ఆరు లక్షలు కప్‌బోర్డులకు, ఫాల్స్ సీలింగుకు పెట్టకండి, ఎవరి ఉద్యోగమైనా ఆగితే ఈఎంఐ కట్టేది అవే. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు మీద 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ఓసీ (కట్టడం పూర్తయి, ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన ఇంటికి అది లేదు.

అందుకే పదీ పన్నెండేళ్ల రీసేల్ ఫ్లాట్లు చూడమంటాను. నాలుగంతస్తుల చిన్న బిల్డింగు, జిమ్ము లేదు, ఈతకొలను లేదు, మెయింటెనెన్స్ తక్కువ, భూమిలో మీ వాటా ఎక్కువ. సేల్ డీడ్‌లో ఆ వాటా ఎన్ని చదరపు అడుగులో చూసుకోండి. లిఫ్టు మార్చే వయసుకొచ్చిందేమో అడిగి, దాన్నిబట్టి బేరం ఆడండి.

కేఆర్ పురం ఫ్లాటు వదిలేయండి. 2025లో ప్రభుత్వం బి ఖాతా ఆస్తులను ఎ ఖాతాలోకి మార్చే దారి తెరిచిన మాట నిజం. అంత సులువైతే అమ్మేవాడే మార్పించి, ఇంకో ఐదు లక్షలు ఎక్కువకు అమ్ముకునేవాడు కదా! ఏ ఫ్లాటు చూసినా ఓసీ ఉందేమో కూడా అడగండి. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, ఓసీ చూశాకే బ్యాంకులు అప్పివ్వాలని, కరెంటు, నీటి కనెక్షన్లూ అప్పుడే ఇవ్వాలని చెప్పింది. ఓసీ లేకపోతే, రేపు మీరు అమ్మబోయినా మీ దగ్గర కొనేవాడికి అప్పు పుట్టదు.

తొందరేం లేదు. ముందు దాసరహళ్లిలోనో నాగసంద్రలోనో 11 నెలల అగ్రిమెంటుకు అద్దెకు దిగండి, ఒక వేసవి, ఒక వానాకాలం చూడండి. ఫ్లాటు నచ్చాక ఈ-ఖాతా (ఆన్‌లైన్ ఖాతా), రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ కావేరి 2.0 నుంచి తీసిన ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), ఫ్లాట్ల అసోసియేషన్ దగ్గర ఆరు నెలల ట్యాంకరు బిల్లులు పెట్టి నాకు మళ్లీ రాయండి.