ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష ఒకదానితో ఒకటి కలిసిపోతుంటే పిల్లలకు ఎలా చెప్పాలి?

మీరు అడిగింది ఇది: చెన్నైలో ఉంటున్నారు, అమ్మాయి తొమ్మిదో తరగతి, తమిళంతో పాటు తెలుగూ చదువుతోంది. అలంకారాల లక్షణాలన్నీ గడగడా అప్పజెప్తుంది. కొత్త వాక్యం ఇచ్చి ఇందులో ఏ అలంకారం ఉందంటే మాత్రం తడబడుతుంది. 'వలె' కనిపిస్తే చాలు ఉపమ అనేస్తోంది. పరీక్ష దగ్గర పడేకొద్దీ టెన్షన్ పడుతోంది.

నేను పెరంబూరులో మా వీధి పిల్లలకు ఆదివారం సాయంత్రాలు తెలుగు చెప్తుంటానండీ. కొత్తగా వచ్చే పిల్లల్లో దాదాపు అందరిదీ ఇదే ఇబ్బంది. పేరుతో, లక్షణంతో మొదలుపెడితే ఈ పాఠం బుర్రకెక్కదు. ఆ వాక్యంలో కవి ఏం చేశాడో ముందు చూడటం అలవాటు చేయండి. రెండు వస్తువుల్ని పక్కపక్కన నిలబెట్టాడా? రెండింటినీ ఒకటి చేసేశాడా? లేనిదేదో ఊహించాడా? ఇది తేలితే పేరు దానంతట అదే వస్తుంది.

మీ అమ్మాయికి మెరీనా బాగా తెలిసే ఉంటుంది. ఆ ఒక్క దృశ్యాన్నే రకరకాలుగా రాయించండి. "అలలు చిన్నపిల్లల్లా ఒడ్డుకు పరుగెత్తుకొస్తున్నాయి" అంటే ఉపమ. అలలు ఉపమేయం, చిన్నపిల్లలు ఉపమానం, 'లా' ఉపమావాచకం, పరుగెత్తుకురావడం సమానధర్మం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఏదైనా ఒకటి తగ్గితే లుప్తోపమ. పోల్చినా కూడా అలలు వేరు, పిల్లలు వేరు అన్న సంగతి చదివేవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది.

"అలల పిల్లలు ఒడ్డుదాకా పరుగెత్తుకొచ్చి, అమ్మ పిలవగానే వెనక్కి పోయారు" అంటే రూపకం. ఇక్కడ క్రియను చూపించండి. 'పోయాయి' అనలేదు, 'పోయారు' అన్నాం. అలలకు మనుషుల క్రియ వచ్చిందంటే వాటిని పిల్లల్నే చేసేశామన్నమాట. ఇద్దరికీ భేదం లేదని చెప్పడమే రూపకం. మా దగ్గర చాలామంది పిల్లలకు ఈ క్రియ మార్పు దగ్గరే విషయం అర్థమైంది.

"ఒడ్డున ఎవరో పేరు పెట్టి పిలిచారు కాబోలు, అలలు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుకొస్తున్నాయి" అంటే ఉత్ప్రేక్ష. అలలు రావడం నిజం. ఎవరో పిలవడం ఊహ. జరిగిన పనికి మనం ఒక కారణం కల్పించాం. "అల లేచిందంటే లైట్‌హౌస్ దీపం ఆరిపోవాల్సిందే" అంటే అతిశయోక్తి, దానికి పెద్ద వివరణ అక్కర్లేదు.

స్వభావోక్తి దగ్గర మాత్రం కాసేపు ఆగండి. పిల్లలు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, ఉన్నది ఉన్నట్టు చెబితే అందులో అలంకారం ఏముంది అంటారు. "సముద్రంలో అలలు వస్తాయి, పోతాయి" అన్నది స్వభావోక్తి కాదు. "అల వచ్చి పాదాలు తడిపి, మడమల కింద ఇసుకను లాక్కుంటూ వెనక్కి జారింది" అన్నది స్వభావోక్తి. చదువుతుంటే మన కాలి కింద ఇసుక కదలాలి. ఈ తేడా చాలా పాతది. సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్ళకు పోతున్నాయి అని రాస్తే అదేం కావ్యం, దాన్ని వార్త అంటారు అన్నాడు పాత ఆలంకారికుడు భామహుడు. నాకు అన్ని అలంకారాల్లోకీ స్వభావోక్తే కష్టమనిపిస్తుంది. పోలిక సాయం లేకుండా, కళ్ళతో చూసినదాన్ని మాత్రమే నమ్ముకుని రాయాలి మరి.

ఇక 'వలె' సంగతి. వలె, పోలె, లా, వంటి, అంత అన్నవి ఆనవాళ్ళు మాత్రమే. "టీచర్ చెప్పినట్టు రాశాను" అన్న వాక్యంలో 'అట్టు' ఉంది, పోలిక లేదు. ఉపమ కూడా లేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, అదే 'అట్టు' ఉత్ప్రేక్షలోనూ వస్తుంది.

మీ అమ్మాయి తమిళం కూడా చదువుతోంది కాబట్టి ఇక్కడ ఆమెకు మంచి అండ ఉంది. తమిళ పాఠాల్లో ఉవమై అణి, ఉరువగ అణి, తర్కురిప్పేట్ర అణి అని చెప్తారు. అవి మన ఉపమ, రూపకం, ఉత్ప్రేక్షలే. చివరిదానికి తమిళ టీచర్లు తరచూ చూపించే ఉదాహరణ సిలప్పదికారం అనే పాత తమిళ కావ్యంలోది. కోవలన్, అతని భార్య కణ్ణగి మదురై చేరుతుంటారు. కోట మీద జెండాలు గాలికి ఊగుతుంటాయి. ఆ ఊగడం 'రావద్దు' అని చేతులు అడ్డంగా ఊపుతున్నట్టు ఉందంటాడు ఆ కావ్యం రాసిన ఇళంగో అడిగళ్. చెయ్యని దొంగతనానికి కోవలన్‌ను చంపేది ఆ మదురైలోనే. ఆ పాదంలో 'పోల్' అన్న మాట ఉంది, అంటే మన 'పోలె' లాంటిదే. అయినా దాన్ని ఉపమ అనరు. జెండా దేనిలా ఉందో కవి చెప్పడం లేదు. గాలికి ఊగే జెండాకు ఒక ఉద్దేశం ఉందని ఊహిస్తున్నాడు. జెండా ఊగడం సహజం, 'రావద్దు' అన్నది కవి తన మనసులోంచి తెచ్చి పెట్టింది. ఈ ఒక్క ఉదాహరణ పట్టుబడితే 'వలె' చూసి కంగారు పడటం పోతుంది.

ఊహ అంటే మామూలు అనుమానం కూడా కాదు. ఒకసారి మా పిల్లల్లో దీని మీద పెద్ద వాదన జరిగింది. 29సి బస్సు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, "మన కోసమే ఆగినట్టుంది, పరుగెత్తు" అందట ఒక అబ్బాయి వాళ్ళమ్మ. ఇది ఉత్ప్రేక్షేనని వాడు. కాదని ఇంకో పాప. "మీ అమ్మ నిజంగానే అలా అనుకుందా, లేక సిగ్నల్ పడిందని తెలిసీ అందా?" అని అడిగింది ఆ పాప. ఎంత చక్కటి ప్రశ్నో చూడండి! నిజంగా అనుకుంటే అది ఉత్త అంచనా. సిగ్నల్ వల్ల ఆగిందని తెలిసి, అది నిజం కాదని తెలిసి, అయినా అలా అంటేనే ఉత్ప్రేక్ష. జెండాలు నిజంగా చేతులూపాయని ఇళంగో నమ్మలేదు కదా.

శబ్దాలంకారాలకు వస్తే, వాటిని పట్టుకోవడానికి పాత ఆలంకారికులు చెప్పిన పరీక్ష ఒకటుంది. ఒక మాట తీసి అదే అర్థం ఉన్న ఇంకో మాట పెట్టి చూడండి. "అలలు" తీసి "కెరటాలు" అన్నా పైన చెప్పిన ఉపమ ఉపమగానే ఉంటుంది. కాబట్టి అది అర్థాలంకారం. మాట మార్చగానే అలంకారం మాయమైతే శబ్దాలంకారం.

అవే అక్షరాలు వేరే అర్థంతో మళ్ళీ వస్తే యమకం. దానికి పాఠ్యపుస్తకాల్లో వచ్చే పోతన పద్యాన్ని ఈ పరీక్షకు పెట్టండి. నరకాసురుడి మీద యుద్ధానికి లేచిన సత్యభామతో కృష్ణుడు అంటాడు:

"లేమా! దనుజుల గెలువగ
లేమా? నీవేల కడగి లేచితి విటు రా
లే మాను మానవేనిన్
లే మా విల్లందికొనుము లీలం గేలన్"

నాలుగు పాదాలూ 'లేమా' తోనే మొదలవుతాయి. మొదటి 'లేమా' ఓ చినదానా అని పిలుపు. రెండోది గెలవలేమా అన్న ప్రశ్నలో సగం. మూడోది 'లే, మాను', అంటే ఇక ఆపు అని. నాలుగోది 'లే, మా విల్లు అందుకో' అని. వద్దంటూ మొదలుపెట్టి, మానకపోతే ఇదిగో విల్లు అని చేతికిచ్చేదాకా వచ్చాడు. ఇది కంద పద్యం. కందానికి ప్రాస నియమం ఉంది కాబట్టి ప్రతి పాదంలో రెండో అక్షరం 'మ' రావాలి. నియమం అడిగింది అంతవరకే. పోతన మొదటి అక్షరం కూడా అదే తెచ్చి, అర్థం మాత్రం ప్రతిసారీ మార్చాడు. ఇప్పుడు మొదటి 'లేమా' బదులు 'పడతీ' అని పెట్టి చదవమనండి. అర్థం చెడదు, యమకం పోతుంది. పద్యం పైకి చదివించడం మాత్రం మరవకండి. శబ్దాలంకారం కంటితో చదివితే సగమే తెలుస్తుంది.

ఛేకానుప్రాసలో కూడా అర్థం మారుతుంది, కానీ అక్కడ ఒకే హల్లుల జంట వెంటవెంటనే రావాలి, 'వంద వందనాలు' లాగా. లాటానుప్రాసలో అర్థం మారదు, తాత్పర్యం మారుతుంది. "ఎవరేమన్నా అమ్మ అమ్మే" అంటే రెండు చోట్లా అమ్మ ఒకటే, రెండోసారి అన్నప్పుడు అమ్మతనం అంతా అందులోకి వచ్చింది. శ్లేష, అంటే ఒకే మాటలో రెండర్థాలు పలికించడం, దాని మీద మాత్రం పెద్ద ఆలంకారికులే వాదించుకున్నారు, అది శబ్దానిదా అర్థానిదా అని. రాజు అన్న మాటకు చంద్రుడనీ, కువలయం అన్న మాటకు భూమి, కలువ అనీ అర్థాలున్నాయి కాబట్టి "రాజు కువలయానందకరుడు" అంటే రాజు భూమికి, చంద్రుడు కలువలకు ఆనందం కలిగిస్తారని రెండర్థాలు. ఆ మాట మారిస్తే ఒక అర్థం ఎగిరిపోతుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని అర్థాలంకారాల్లో చేరుస్తారు కాబట్టి పరీక్షలో అలాగే రాయమనండి.

ఇంట్లో చేయించదగ్గ పని ఒకటి చెప్తాను. మా పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు నోట్‌బుక్‌లో రాసుకురమ్మన్నాను. చెన్నైలో పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు పుస్తకం దూరంగా అనిపించవచ్చు, నాయనమ్మ మాట అలా అనిపించదు. వాళ్ళు తెచ్చినవి వింటే ముచ్చటేసింది. "ఫోన్ పట్టుకుంటే ఇల్లు కాలిపోతున్నా తెలీదు నీకు" అతిశయోక్తి. "చెట్టంత కొడుకు" ఉపమ, అక్కడ 'అంత' అన్నదే వాచకం. రాత్రి ఆలస్యంగా వచ్చిన అన్నయ్యతో "అప్పుడే వచ్చేశావేం నాయనా!" అన్నది పొగడ్తలా ఉండే తిట్టు, వ్యాజస్తుతి కిందికి వస్తుంది. రామదాసు చెరసాలలో ఉండి రాముణ్ణి నిలదీసిన కీర్తన దీనికి తిరగబడిన రకం, పైకి నింద, లోపల భక్తి. "కూరలో సముద్రం ఒంపావా?" అని ఒక తాతగారు అన్నారట. ఏ అలంకారమో మీ అమ్మాయినే అడగండి.

అన్నీ ఒకేసారి నేర్పాలని చూడకండి. భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్నవి నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితులు అలంకారాల మీద కువలయానందం అనే గ్రంథం రాసే నాటికి అవి 100 దాటాయి. తొమ్మిదో తరగతికి ఆ పట్టిక అంతా అక్కర్లేదు. ముందు ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష గట్టిపడనివ్వండి. అర్థాంతరన్యాసం ఆ తర్వాత సులువుగానే వస్తుంది: "అల ఎంత ఎత్తు లేచినా సముద్రంలోకే చేరింది, ఎక్కడివాళ్ళు అక్కడికి చేరక తప్పదు కదా" అని ఒక విశేషాన్ని సామాన్యంతో సమర్థించడం, లేదా సామాన్యాన్ని విశేషంతో.

పరీక్షలో అలంకారం పేరు, లక్షణం, సమన్వయం మూడూ రాయాలి. పిల్లలకు మార్కులు పోయేది సమన్వయం దగ్గరే, లక్షణాన్నే మళ్ళీ ఇంకోలా రాసేస్తారు. ఇచ్చిన వాక్యంలోని మాటలే తీసుకుని చెప్పాలి. ఉదాహరణకు వాక్యం "రాత్రంతా నీళ్ళలో నానాడు కాబోలు, పొద్దున్నే మెరీనాలో సూర్యుడు చల్లగా ఉన్నాడు" అనుకోండి. సమన్వయం ఇలా రాయమనండి: "ఉదయం సూర్యుడు చల్లగా ఉండటం సహజం. రాత్రంతా నీళ్ళలో నానడం దానికి కారణమని ఇక్కడ ఊహించి చెప్పారు. 'కాబోలు' అన్న పదం ఆ ఊహను తెలుపుతోంది. కాబట్టి ఇది ఉత్ప్రేక్షాలంకారం."